అడ్రసు తాతగారూ, ఫారిన్ చేపలూ

అడ్రసు తెలియని చేపను ఆయన ముట్టుకోడు. ఆయన ముట్టుకోకపోతే మానె, ఇంకొకరిని కూడా ముట్టుకోనివ్వడు.

ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అడ్రసు లేని ఉత్తరాల్ని పక్కన పెట్టీ పెట్టీ, లోకంలో ప్రతి వస్తువుకీ అడ్రసు ఉండి తీరాలన్న పట్టుదల ఆయనకి ఒంటబట్టేసింది. మిగతా వస్తువులు ఎలాగో తప్పించుకున్నాయి గానీ, పాపం చేప దొరికిపోయింది. ఆయన అసలు పేరేమిటో, రోజూ వెళ్ళే సూపర్ మార్కెట్లో ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన అడ్రసు తాతగారే.

చేపల కౌంటర్లో నిలబడే అమ్మాయికి మాత్రం ఆయన రోజువారీ గండం. ఆ షాపులో ఆమెది మూడేళ్ళ ఉద్యోగం. ఇంట్లో తల్లికీ, చదువుకునే చెల్లెలికీ ఆమె జీతమే ఆధారం. ఎనిమిది నెలల కిందట షాపులోకి ఫారిన్ చేపలు దిగాయి. ఎక్కడో చెరువుల్లో పెంచి, ముక్కలు కోసి, గడ్డకట్టించి ఓడల్లో పంపిన చేపలు. పక్క ఏటి చేప ధరలో సగం. ముల్లు లేదు, పొలుసు లేదు, వాసన లేదు. రుచి కూడా లేదు గానీ, ఆ ధరకి రుచి కూడా అడిగితే బాగుండదని జనం ఊరుకున్నారు. చేపల వెనకే తాతగారూ దిగాడు. షట్టరు ఎత్తేసరికి చేతిలో భూతద్దంతో గుమ్మంలో సిద్ధం.

"అమ్మాయ్, ఇది ఎక్కడి చేప?"

"ఫారిన్ చేప తాతగారూ."

"ఫారిన్ అంటే ఊరి పేరా, వీధి పేరా?"

"చెరువులో పెంచారట."

"ఏ చెరువు? దాని గట్టున ఏ ఫ్యాక్టరీ ఉంది? ఏం మేత వేశారు? జబ్బు చేస్తే ఏ మందు పోశారు? పట్టడానికి ఎన్నాళ్ళ ముందు ఆ మందు ఆపారు?"

పిల్లనివ్వబోయే ఇంటి గురించి కూడా ఎవరూ ఇంత వాకబు చెయ్యరు. ఆమె ప్యాకెట్టు ఆయన చేతికి ఇచ్చేసేది. ఆయన భూతద్దం పెట్టి, చీమ తలకాయంత అక్షరాలని పైకి చదివేవాడు. "పెంచింది ఒక దేశం. కోసింది రెండో దేశం. ప్యాక్ చేసింది మూడో దేశం. నేను పుట్టి డెబ్భై ఏళ్ళయింది, ఇంతవరకు విమానం ఎక్కలేదు. బతికున్నప్పుడు చెరువు దాటని చేప, చచ్చాక మూడు దేశాలు తిరిగిందా?"

అప్పటికే ప్యాకెట్టు బుట్టలో వేసుకున్న వాళ్ళు, ఇంకేదో గుర్తొచ్చినట్టు నటిస్తూ మెల్లగా తిరిగి ఫ్రిజ్‌లో పెట్టేసేవారు.

ఈ ఎనిమిది నెలల్లో ఆయన కొన్నది ఒకే ఒక్క కిలో ప్యాకెట్టు. కొన్నది ఇంటికి తీసుకెళ్ళలేదు. అక్కడే ఒక జల్లెడలో పోసి, జల్లెడ కింద గిన్నె పెట్టి, ఐసు కరిగేదాకా రెండు గంటలపాటు కాపలా కాశాడు. చుట్టూ జనం మూగారు. ఎవరో ఆయనకి కుర్చీ కూడా తెచ్చి వేశారు. కరిగాక, ఆమె చేతే తూకం వేయించాడు.

"చేప ఎంత?"

"ఏడొందల గ్రాములు తాతగారూ."

"నీళ్ళు?"

"మూడొందలు."

"నీళ్ళకి మా ఇంట్లో కుళాయి ఉందమ్మా. అది దేశాలు తిరగదు, ఇంట్లోనే ఉంటుంది."

ఆ పూట చేపల కౌంటరు వైపు ఈగ కూడా రాలేదు.

అలాగని ఆయన తిండి విషయంలో మహా నిష్ఠాగరిష్ఠుడని అనుకుంటే పొరపాటు. ఆయన కోడలు ఒకసారి కౌంటరు దగ్గరే మొరపెట్టుకుంది. "ఇంట్లో చేప వండితే తుఫాను రేపుతారమ్మా. సందు చివర బేకరీలో క్రీము బన్నులు మాత్రం రోజుకి రెండు లాగిస్తారు. వాటి మీద ఈగలు సంసారాలు పెట్టాయి! 'మావయ్యగారూ, వీటిని అడ్రసు అడగరేం?' అన్నాను. ఏమన్నారో తెలుసా? 'ఆ ఈగలు మన ఊరివే కదమ్మా' అన్నారు."

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, ఆయన ఉత్తరాలు రాయకుండా ఉంటే. ప్రతి సోమవారం ఆహార తనిఖీ ఆఫీసుకి నాలుగు ఠావుల ఫిర్యాదు రాసి, దానికి ముందు అడ్రసూ వెనక అడ్రసూ గుండ్రంగా రాసి, ఆ కవరు ఆమెకి చూపించి మరీ పోస్టు చేసేవాడు.

"ఈ వారం కూడా రాశానమ్మాయ్. నీ గురించి కూడా ఒక మాట రాశాను."

ఆమె తూకం వదిలేసి ముందుకి వంగేది. "నా గురించా? ఏం రాశారు తాతగారూ?"

"అది నీకెలా చెప్తాను? ఉత్తరంలో ఉన్నది చేరాల్సినవాళ్ళు తప్ప ఇంకొకరు చదవకూడదు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క కవరు విప్పి చూడలేదు నేను."

"అది మీరు రాసిన ఉత్తరమే కదా!"

"ఎవరు రాస్తేనేం? రూలు రూలే."

కొట్టినా బాగుండు అనిపించేది ఆమెకి. ప్రతి సోమవారం ఇదే మాట. చేపలకి తగిలించలేని తప్పేదో తనకి తగిలిస్తున్నాడని ఆమెకి గట్టి నమ్మకం ఏర్పడింది. ఊళ్ళో పోస్టాఫీసే మూతపడితే బాగుండునని కూడా ఒకసారి అనుకుంది.

ఒకరోజు షాపు మేనేజరు ఆమెని గదిలోకి పిలిచాడు. నవ్వినప్పుడు కూడా టై సర్దుకునే మనిషి.

"ఆ ముసలాయన నోరు మూయించు. అడిగితే పక్క ఏటి చేపే అని చెప్పు. సరేనా? నీకు చేతకాకపోతే ఆ కౌంటర్లో నిలబడటానికి బోలెడుమంది ఉన్నారు."

మర్నాడు తాతగారు అడగనే అడిగాడు. ఆమె నేల చూపులు చూస్తూ, "పక్క ఏటి చేపే తాతగారూ" అంది. ఆయన భూతద్దం ఎత్తి ప్యాకెట్టుకి బదులు ఆమె మొహం చూశాడు. భూతద్దంలో ఆయన కన్ను గుడ్లగూబ కన్నంత కనిపించేసరికి ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అలా చెప్పమన్నారు తాతగారూ, అందుకని చెప్పాను" అనేసింది.

"ఊఁ" అని, చెవి మీది పెన్సిలు తీసుకుని ఏదో రాసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారం అసలు ముప్పు వచ్చింది. గడువు దాటిన ప్యాకెట్లు మూడు పెట్టెలు మిగిలిపోయాయి. మేనేజరు కొత్త తేదీలున్న స్టిక్కర్ల చుట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "పాతదాని మీద అంటించు" అన్నాడు. ఉద్యోగం కళ్ళ ముందు మెదిలింది. ఆమె అంటించింది. పది అంటించి, ఇక తన వల్ల కాదని చుట్ట డ్రాయరులో పడేసింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో భూతద్దం మెరిసింది.

"అమ్మాయ్, ఈ తేదీ కింద ఇంకో తేదీ ఉన్నట్టుందే?"

గదిలోంచి మేనేజరు చూస్తున్నాడు. తల్లి గుర్తొచ్చింది, చెల్లెలి ఫీజు గుర్తొచ్చింది. అబద్ధం నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది.

"ఉంది తాతగారూ" అంది గొంతు తగ్గించి. "మేనేజరుగారు స్టిక్కర్లు తెచ్చిచ్చారు. పైవరసలో పది ప్యాకెట్లకి నేనే అంటించి, ఇక ఆపేశాను. అవి ఎవర్నీ కొననివ్వకండి."

"నీ గురించి కూడా రాయాలి" అని ఆయన గబగబా వెళ్ళిపోయాడు. ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. తన గొయ్యి తానే తవ్వుకుని, కొలతలు కూడా తానే చెప్పింది.

బుధవారం పొద్దున తనిఖీ ఆఫీసు నుంచి ఒక అధికారిణి, ఆవిడ వెనక ఉత్తరాల కట్ట మోస్తూ ఒక గుమాస్తా వచ్చారు. ఫ్రిజ్ తెరిచి, మీది స్టిక్కరు గోటితో గీరేసరికి కిందిది పళ్ళికిలించింది. మేనేజరు టై సర్దుకున్నాడు.

"చూశారా మేడమ్, ఎంత పని చేసిందో! కౌంటరు ఈ అమ్మాయిదే. స్టిక్కర్లు కూడా ఈమె డ్రాయరులోనే ఉంటాయి, చూడండి. నాకు ఈ క్షణం దాకా తెలియదు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. అంటించిన చేతులు తనవే కదా, ఏమని చెబుతుంది?

అధికారిణి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మేం ముప్ఫై ఉత్తరాలకి రాలేదు, నిజమే. ఒక్కొక్కటీ జాగ్రత్తగా ఫైల్లో పెట్టాం. ముప్ఫై ఒకటోది వచ్చేసరికి ఫైలుకి తాడు చాల్లేదు. కొత్త ఫైలు తెరవాలంటే పై సంతకాలు ఆరు కావాలి, దానికన్నా తనిఖీకి రావడమే తేలికనిపించింది." ఇది చెప్పడానికి ఆవిడేమీ సిగ్గుపడలేదు. "అన్ని ఉత్తరాల్లోనూ ఆఖరి మాట ఒకటే. మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చేసింది."

గుమాస్తా కట్ట విప్పకుండానే, చేతులు కట్టుకుని పాఠంలా అప్పజెప్పాడు. "పై తప్పులేవీ చేపల కౌంటర్లో నిలబడే అమ్మాయివి కావు. భయం భయంగానైనా అడిగినదానికి నిజమే చెబుతుంది. ఈ ఫిర్యాదు వల్ల ఆమె ఉద్యోగానికి ఇబ్బంది వచ్చేటట్టయితే, నేనిది రాయలేదనుకోండి, మీరు చదవలేదనుకోండి."

ఆమె ఫ్రిజ్ పట్టుకుని నిలబడింది. ఏడవకూడదనుకుంది గానీ కళ్ళు ఆమె మాట వినలేదు.

"ఆఖరి ఉత్తరంలో ఇంకా ఉంది" అంది అధికారిణి. "స్టిక్కర్లు ఎవరు తెచ్చిచ్చారో, పదింటితో ఎవరు ఆపేశారో, ఆ పదీ ఏ వరసలో ఉన్నాయో కూడా రాశారు. మేనేజరుగారూ, కాసేపు ఆ టై వదిలి సంతకం పెట్టండి."

ఫ్రిజ్‌కి సీలు పడింది. ఆమె ఉద్యోగం నిలిచింది. మేనేజరుని మాత్రం కంపెనీవారు కఠినంగా శిక్షించి, ఇంకా పెద్ద బ్రాంచిలో బట్టల విభాగానికి మార్చారు. బట్టలకి గడువు తేదీ ఉండదు కాబట్టి అందరికీ క్షేమం.

మర్నాడు తాతగారు రాగానే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ముప్ఫై ఒక్క ఉత్తరాల్లో నా గురించి అంత మంచిగా రాసి, ఒక్క మాట చెప్పలేదేం తాతగారూ? ప్రతి సోమవారం ఎంత హడలి చచ్చానో తెలుసా?"

తాతగారి మొహం ఎర్రబడింది. సిగ్గేమో అనుకుంది. కాదు, కోపం.

"నీకెలా తెలిసింది?"

"మేడమ్‌గారి గుమాస్తా చెప్పాడు, అందరి ముందూ."

"నేను ఆఫీసుకి రాసిన ఉత్తరాన్ని నీకు చదివి వినిపించారా? అందరి ముందా? ఎంత అన్యాయం! ఎంత అక్రమం! ఇప్పుడే ఆ ఆఫీసు మీద పై ఆఫీసుకి ఫిర్యాదు రాస్తాను!" కాగితం కోసం జేబులన్నీ తడుముకున్నాడు.

ఆమె పకపకా నవ్వి, బిల్లుల పుస్తకంలోంచి నాలుగు కాగితాలు చించి ఇచ్చింది. "రాయండి. కానీ పాపం, ఆ గుమాస్తా ఉద్యోగం పోతుందేమో తాతగారూ."

ఆయన పెన్సిలు ఆపి, తెలివితక్కువ మాట విన్నట్టు ఆమె వైపు చూశాడు.

"అతని గురించి కూడా ఒక మాట రాస్తానుగా" అన్నాడు.