తొక్కు సీసాలో ఈస్ట్

మా నాన్న తూర్పున ఉన్న కోస్తా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చారు. ఆ లెక్కన పటాన్‌చెరులో మా ఇంటికి మొదట చేరిన ఈస్టు మేమే. రెండోది మా ఆవిడ కొనుక్కొచ్చిన పొడి ఈస్ట్.

అది కింద ఉండే ఇంటి ఓనరు పెద్దమ్మ కోసం. కొండాపూర్ వైపు రైతు కుటుంబం ఆవిడది. జొన్నరొట్టె లేని పూటను పూటగా లెక్కపెట్టని మనిషి, పళ్లన్నీ తీయించుకుని కొత్త సెట్టు కోసం చూస్తూ జావ మీద బతుకుతోంది.

"జావ పేరెత్తితే కడుపుల దేవుతుంది బిడ్డా. జెర మెత్తగ ఏమన్న చేసి పెట్టరాదే" అంది మా ఆవిడతో. బన్నులు చేస్తానని ఈవిడ మాటిచ్చింది.

ప్యాకెట్ విప్పాక ఈస్ట్‌కి గాలి, తడి, వేడి తగలకూడదు. బిగుతు మూత ఉన్న పొడి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎక్కువ కాలం ఉండాలంటే ఫ్రీజర్లో. మా ఫ్రీజర్ తలుపు విరిగి చాలాకాలమైంది. అందుకని మా ఆవిడ సగం మా ఫ్రిజ్‌లో ఉంచి, మిగతా సగం పెద్దమ్మ మామిడికాయ తొక్కు పంపిన సీసాని కడిగి ఎండబెట్టి అందులో పోసింది. మా ఇంట్లో ఎవరి గిన్నెనీ, సీసానీ ఖాళీగా తిప్పి పంపరు. "ఇది మీ ఫ్రీజర్లో పెట్టండి పెద్దమ్మా" అని ఇచ్చొచ్చింది.

ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. ఇంకో ఆదివారం ఓవెన్ మొరాయించింది. ఈలోగా మా సగానికి నేను కాపలా కాశాను. బొల్లారంలో మందుల ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగం నాది, తెరిచి చూడనిదే ఏ డబ్బానూ నమ్మను. కంపెనీ బస్సు దిగి వచ్చి, టీ కలిపిన చెంచాతోనే ఈస్ట్‌ని ఓసారి కదిపి, వాసన చూసి పెట్టేవాణ్ణి. చల్లటి డ్రమ్ము మూత వెంటనే తీస్తే లోపల చెమ్మ పడుతుందని ఫ్యాక్టరీలో హెల్పర్ల మీద అరిచేది నేనే. ఇంట్లో నామీద అరిచేవాళ్లు అప్పటికింకా చూడలేదు.

చివరికి బన్నుల ఆదివారం వచ్చింది. గోరువెచ్చటి నీళ్లలో చక్కెర, ఈస్ట్ కలిపి పెట్టింది. కాసేపట్లో నురగ పొంగాలి. పొంగింది మా ఆవిడ కోపం ఒక్కటే.

"ఉండలు కట్టేసిందండీ! రోజూ ఆ సీసాతో మీకేం పని?"

"బాగుందో లేదో చూశాను."

"చూసి చూసి చంపారు. ఇప్పుడావిడకి ఏం పెట్టను?"

కింది నుంచి కేక. "బన్నులైనయా బిడ్డా? పొద్దుగాల్ల జావ గూడ తాగలే!"

అప్పుడు గుర్తొచ్చింది తొక్కు సీసా. నేనే దిగాను. పెద్దమ్మ ఫ్రీజర్లో బఠాణీల వెనక నుంచి దాన్ని లాగింది.

"మూత తీశారా పెద్దమ్మా?"

"ఎందుకు తీస్త? సల్లగ పెట్టుమన్నది, పెట్టిన. ఇగ యాది మర్చిన. ఏంది సారూ గది, మందా?"

పైకి తెచ్చాక సీసా చల్లదనం పోయేదాకా మా ఆవిడ నన్ను వంటింటి గడప దాటనివ్వలేదు. తర్వాత పొడి చెంచాతో కావలసినంత తీసి, మూత బిగించి, మిగిలింది కిందికే పంపింది. నీళ్లలో పడ్డ ఈస్ట్ గిన్నె అంచుదాకా నురగెత్తింది. దాన్ని చూసి నేనూ పొంగిపోయాను, ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం వేడి బన్ను చాయ్‌లో ముంచుకుని పెద్దమ్మ నోట్లో పెట్టుకుంది. చిగుళ్లతో నెమ్మదిగా నమిలి, ఆగింది.

"గిదేందే, నా తొక్కు వాసనొస్తుంది?"

సీసాని ఎంత కడిగినా మూతకున్న రబ్బరు మామిడికాయని మరవలేదు. మా ఆవిడ నా వైపు చూసింది. ఈసారి తప్పు నాది కాదని చెబుదామనుకున్నాను.

పెద్దమ్మ ఈలోగా కప్పు కొంచెం ముందుకు జరిపింది.

"మంచిగున్నది తియ్. ఇంకోటెయ్యి బిడ్డా."