గుద్దు పార్టీ ఈరన్న బావకి, పట్టు పార్టీ మరదలు

నిన్న పొద్దున అక్క నంబర్ నుంచి కాల్ వచ్చింది.

ఎత్తగానే, అక్కను పలకరించకుండానే, "బావకి చెప్పు, నేను ఒప్పుకోనని" అన్నాను.

ముందురోజు బావ పంపిన వీడియో మీద మా గొడవ ఇంకా తెగలేదు. నేను ఫోన్ ఎత్తకపోతే అక్క చేత చేయించడం ఆయనకు అలవాటు.

"ఇంగ ఎవరికి సెప్పేదే పద్మా. మీ బావ పోయినాడు."

నేనప్పుడు ఆదోని బస్టాండ్‌లో ఉన్నాను. ఎమ్మిగనూరు బస్సు ఎలా ఎక్కానో గుర్తులేదు.

గుండెపోటు. స్నానం చేసి వచ్చి, టిఫిన్ పెట్టమని అడిగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఈరన్న మా సరోజక్క భర్త. ఎమ్మిగనూరులో కేబుల్ కనెక్షన్లు చూసేవాడు. నేను ఆదోనిలో స్కూల్ పీఈటీని. మా ఇద్దరికీ ఉన్న గొడవ ఒక్కటే.

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్.

నవ్వండి, పర్వాలేదు. ఊరంతా నవ్వింది.

ఎవరింట్లోనో సిగ్నల్ చెక్ చేస్తూ ఛానెళ్లు తిప్పుతుంటే ఆ ఆట కనబడిందట. కోడిగుడ్డు ఆకారంలో బంతి, గాల్లోకి ఎగిరి ఒకడి భుజాల మీద ఇంకొకడు. బావ పని మర్చిపోయాడు. ఆ ఇంటివాళ్లే టీ ఇచ్చి, ఛానెల్ మార్చి, పంపించారు. అప్పటినుంచి ప్రతి శనివారం పొద్దున అక్క ఇంట్లో టీవీ ఇంకెవరికీ దొరకలేదు.

ఆ పిచ్చిలోకి నన్ను దించాడు. తన కేబుల్ కుర్రాళ్లను దించాడు. వాట్సాప్ గ్రూప్ పెట్టాడు. అందరం గోల్స్ కొట్టేవాళ్లను మెచ్చుకుంటుంటే ఆయన చూపంతా డిఫెండర్ల మీదే.

ఆ డిఫెండర్ల విషయంలోనూ రెండు పార్టీలు అయ్యాం. పైనుంచి వచ్చే బంతిని వెనకనుంచి ఎగిరి పిడికిలితో గుద్ది పంపేసే డిఫెండర్ గొప్పా? ధైర్యంగా రెండు చేతులా పట్టేసేవాడు గొప్పా?

బావది గుద్దు పార్టీ. నాది పట్టు పార్టీ.

ఆ గ్రౌండ్‌కి ఒక్కో చివర నాలుగు కర్రలుంటాయి. మధ్య రెండింటిలోంచి తంతే ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒకటే. ఒక్కోసారి డిఫెండర్ దారిలేక తనే బంతిని పక్క సందులోకి గుద్దేస్తాడు. ఆ ఒక్క పాయింటూ గుద్దినవాడి టీమ్‌కే వస్తుందని బావ చాన్నాళ్లు నమ్మాడు. ఓడిన టీమ్ గెలిచిందని ఒకసారి కుర్రాళ్లకు మైసూర్‌పాక్ కూడా పంచాడు.

ఆ పాయింట్ ఎదుటివాళ్లదని తెలిశాక ఇంకా మురిసిపోయాడు.

"సూసినావా మే! ఆరు పొయ్యేకాడ ఒకటి ఇచ్చి పంపినాడు. తెలివంటే అదీ."

"ఒకటి మాత్రం ఎందుకివ్వాల బావా? పట్టుకోవచ్చు కదా?"

ఇంక మొదలు.

ఈ గొడవ ఎక్కడినుంచి వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఈరోజు నేను అంటాను.

పెళ్లికి ముందు బావ కబడ్డీలో కార్నర్ డిఫెండర్‌గా ఆడేవాడు. ఉరుకుంద జాతరప్పుడు ఫైనల్. స్కోర్ సమానం. అవతలి రైడర్ బోనస్ లైన్ దాటించి కాలు చాపాడు, దాటితే వాళ్లకో పాయింట్. చీలమండ అందేంత దగ్గర. బావ పట్టలేదు. పట్టు జారితే రెండు పాయింట్లు పోతాయి, ఒకటి పోనీ, మనకింకా ఒక రైడ్ ఉందిలే అనుకున్నాడు. మన రైడర్ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఒక్క పాయింట్ తేడాతో పోయింది.

పిరికోడు అన్నారు. ఏళ్ల తరబడి అన్నారు. తర్వాత వయసుకు మర్యాదిచ్చి మానేశారు.

ఒకసారి ఆయనే నాతో అన్నాడు. "ఇప్పుడు అందరూ సరేలే అన్నా, సరేలే అన్నా అంటాండారు. అది ఇంటే కడుపు మండుతాది మే. నువ్వొక్కదానివే నా మాట పూర్తిగా ఇని, మళ్లా కొట్లాడతావు."

అందుకే నిన్నటినుంచి నాకు ఒళ్లు మండుతోంది.

గ్రూప్‌లో అందరూ ఒకటే వరస. "అన్న చెప్పిందే కరెక్ట్." "గుద్దే గొప్ప. ఆర్ఐపీ అన్నా." పోయిన వారం వరకూ ఆయన మాట పూర్తిగా విననివాళ్లే, దండతో పాటు గెలుపు కూడా వేసేశారు.

ఆయనకు ఊరికే వచ్చిన గెలుపు వద్దురా.

ఈరోజు పొద్దున ఇంట్లో చుట్టాలంతా కూర్చుని ఉంటే ఒక పెద్దాయన నాతో అన్నాడు. "ఇప్పుడన్నా ఒప్పుకోమ్మా. ఆ పొద్దు ఈరన్న సేసిందే రైట్ అని ఒక్క మాట అను. ఆయప్ప ఆత్మ సల్లగుంటాది."

అనలేదు. "ఆయన పట్టుండాల్సింది పెదనాయనా. పట్టగలిగినోడు. ఆ చేతులు నాకు తెలుసు" అన్నాను.

ఎవరో "సిగ్గుండాల" అన్నారు.

అప్పటిదాకా మూలన కూర్చున్న అక్క తలెత్తింది. ఇన్నేళ్లలో ఒక్క మ్యాచ్ చూడని మనిషి. శనివారం వస్తే టీవీ పగలగొడతానని అరిచే మనిషి.

"ఆయన పట్టింటే ఆయన కాలే ఇరిగేది. నీకేం తెలుసే?" అంది.

నేను నోరు తెరిచేలోపే మళ్లీ అందుకుంది.

"శనివారం రా. ఆయన పార్టీ పక్క నేను కూసుంటా. ముందు ఆ నాలుగు కట్టెలు ఏందో నాకు సెప్పు. మళ్లా సూస్తా నీ సంగతి."

పదకొండో రోజు కాకుండానే ఆ ఇంట్లో టీవీ పెడతామా అంటారు. అనుకోనీ. పెడతాం. సౌండ్ కూడా పెంచుతాం.

గ్రూప్‌లో వాళ్లకు కూడా చెబుతున్నా. వస్తే వాదించడానికి రండి. జాలిపడడానికైతే రావద్దు.

పోయిరా బావా. హాయిగా పడుకో. నీ తరఫున అక్క దిగింది. ఈసారి నేను గెలవడం కష్టమే.