అమ్మోరి గుడికి ఏ బస్సెక్కాల?

ఈ సాయంత్రం కూర్మన్నపాలెంలో ఒక సినిమా వేశారు. ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేయించిన రోజుల కథ. తెర మీద అమ్మవారి గుడి కనబడగానే హాల్లో సగం మంది దండం పెట్టారు. సినిమా అయ్యాక దర్శకుడు ప్రశ్నలడగమంటే, అలా ఊరు పోయిన పెద్దాయన ఒకాయన మైకు తీసుకున్నాడు.

"బాబూ, ఆ అమ్మోరి గుడికాడికి ఏ బస్సెక్కాల? మా ఇంటిదాని మొక్కు అలాగే ఉండిపోనాది."

"అది సెట్ అండీ. షూటింగ్ అవగానే తీసేశాం," అన్నాడు దర్శకుడు.

"మీరూ తీసీసినారేటి," అని పెద్దాయన కూర్చుండిపోయాడు.

తర్వాత మైకు నాకిచ్చారు. గుడి రంగులు అంత బాగా ఎలా కుదిరాయని అడుగుదామనుకున్నాను. అడగలేక పక్కావిడకి ఇచ్చేశాను. మీరైతే ఏం అడిగేవారు?