ఎదురొచ్చిన ముంగిస

నిడమనూరు మల్సూర్‌కు ముంగిస ఎదురైతే మంచి శకునం. అది కనబడనిదే ఇల్లు కదలడు. తెల్లవారుజామున మసక చూపుతో గడపలో నిలబడతాడు. వడ్ల పాతర దిక్కునుంచి బొచ్చుగా ఏదైనా ఉరకగానే చెప్పులు విడిచి దండం పెట్టి, మీసం దువ్వుకుంటూ మిర్యాలగూడ బయలుదేరతాడు. ఒకరోజు అతను అలా మొక్కుతుండగానే భార్య సుక్కమ్మ, సర్కారు లెవీ వసూలుకు చిక్కకుండా దాచిన వడ్లు తీద్దామని పాతర తెరిచింది. అడుగున ఊకే మిగిలింది. పక్కన బొక్కలోకి ఒక బోడి తోక జారిపోతోంది.

"ముంగిస తోక కుచ్చు లెక్క ఉంటది. గిది పందికొక్కు! ఇన్నొద్దులు నువ్వు మొక్కింది దీనికే," అని సుక్కమ్మ నెత్తి కొట్టుకుంది.

మల్సూర్ విడిచిన చెప్పులు మెల్లగా తొడుక్కున్నాడు.

"శకునమైతే తప్పలేదే. రోజూ నేనెదురొచ్చిన, దానికి కలిసొచ్చింది."