మిరప కల్లంలో నోటి చదువు

మా చిన్నప్పటి బడికి గోడలుండేవి కావు... చుట్టూ ఎండుమిరప రాశులుండేవి. పెనుగంచిప్రోలు దగ్గర ఒక పెద్దరైతు కల్లం అది. పట్టా పరిచి, మా పేట ఆడపిల్లలం పదిమందిమి వరసగా కూర్చునేవాళ్ళం. మంచి కాయ ఒక పక్కకి, తెల్లబోయిన తాలుకాయ ఇంకో పక్కకి. ఏరుతూనే ఎక్కాలు చెప్పాలి. తుమ్మొచ్చినా ఎక్కం ఆగకూడదు.

కళ్ళు మండితే చేత్తో తుడుచుకోకూడదని మాకు అక్షరాల కంటే ముందే తెలుసు. భుజానికి రుద్దుకునేవాళ్ళం...

చదువు చెప్పేది షకీలా అక్క. జగ్గయ్యపేటలో లారీ డ్రైవర్ గారమ్మాయి. ఇంటర్ చదివి ఇంట్లో ఉండేది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, జీతం ఇస్తామనలేదు. రోజూ మధ్యాహ్నం సంచీ నిండా పలకలు మోసుకుని బస్సు దిగేది. మొదట ఒక వారం మా పేటలోనే అరుగు మీద బడి పెట్టింది. మిరప సీజన్ మొదలైంది... అరుగు మీద ఒక్క పిల్లా లేదు. అందరం అమ్మలతో పాటు కల్లంలో ఉన్నాం.

అక్క కల్లానికే వచ్చి రైతుని అడిగింది. ఆయన నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

"చెప్పుకో అమ్మాయ్, నేను కాదంటానా? నోరు చదువుకుంటది, చేతులు పని చేసుకుంటాయి. ఎవరికీ నష్టం లేదు."

అక్కకి కూడా అది న్యాయంగానే తోచింది. అలా పలకలు సంచీలోనే ఉండిపోయాయి.

నాకొక్కదానికే పలక దక్కింది. నా చేతులకి మిరప పడేది కాదు, బొబ్బలెక్కేవి. రాశి దగ్గరికి రావద్దని రైతు నన్ను మూలకి తోలేశాడు. అక్క నా చేతిలో బలపం పెట్టింది. వేళ్ళు నొప్పి పుట్టేవి, అయినా కాయ కంటే నయం.

మాలో అందరికంటే చురుకైనది నాగమణి. పందొమ్మిదో ఎక్కం ఊపిరి తీయకుండా చెప్పేది. నన్ను చూసి, "నీకేమే, బొబ్బల మహారాణివి" అని ఏడిపించేది. నేను గుణకారంలో తడబడితే రాశి దగ్గర్నుంచే జవాబు విసిరేది... చేతులు మాత్రం ఆగేవి కావు.

నందిగామలో హాస్టలు బడి సీట్లకి పరీక్ష పెడుతున్నారని తెలిసి, అక్క నాకూ మణికీ దరఖాస్తులు పెట్టింది. సీటొస్తే మణికి కల్లం తప్పుతుంది. రాకపోతే మళ్ళీ రాశి ముందే. వాళ్ళమ్మ కూడా అంతవరకే ఒప్పుకుంది... ఒక్కసారి, అంతే.

మణికి అన్నీ వచ్చేశాయని అక్క నమ్మింది. మేమూ నమ్మాం. అడిగినవన్నీ టకటకా చెబుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

పరీక్ష గదిలో వెనక్కి తిరిగి చూశాను. మణి పెన్సిల్‌ని మిరపకాయను పట్టుకున్నట్టు రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని కూర్చుంది. పేరులో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. దాని పెదవులు కదులుతూనే ఉన్నాయి...

బయటికొచ్చాక నా జాకెట్టు చెయ్యి పట్టుకుంది.

"అన్నీ వచ్చే నాకు. ఒక్కళ్ళన్నా అడిగితే చెబుదును గదే... ఎవరూ అడగలేదు."

అక్క బస్సులో ఒళ్ళో ఉన్న పలకల సంచీ వంకే చూస్తూ కూర్చుంది. మర్నాడు రైతు దగ్గరికెళ్ళి, రోజుకో గంట పిల్లల చేతులు వదలమని అడిగింది. ఆయన కసరలేదు. నిక్షేపంగా తీసుకెళ్ళమన్నాడు... వాళ్ళతో పాటు వాళ్ళ అమ్మల్ని కూడా తీసుకెళ్ళమన్నాడు. ఇక కూలి పోతుందని మా అమ్మలే అక్కని బతిమాలి బస్సెక్కించారు.

నాకు సీటొచ్చింది.

పట్టుదల ఉంటే ఎక్కడైనా చదువుకోవచ్చని చెప్పడానికి ఇప్పటికీ సభల్లో నన్ను నిలబెడతారు. శాలువా కప్పుతారు. అయ్యా, అది నా పట్టుదల కాదు, నా చర్మం. ఆ చేతులకి మిరప పడి ఉంటే నేనూ ఆ వరసలోనే ఉండేదాన్ని. ఈ మాట చెబితే అది వినయమనుకుని చప్పట్లు కొడతారు. ఆ శాలువా కింద నాకు ఊపిరాడదు.

అక్క తప్పు చేసిందా? చేసింది. ఆ తప్పు చేయకపోతే మాకు అసలు బడే లేదు. ఈ రెంటి మధ్య నుంచి బయటపడే దారి నాకు ఇన్నేళ్ళకీ దొరకలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. సొంత ఛార్జీలతో వచ్చిన ఆడపిల్లని ఆ రైతు ముందు ఒంటరిగా నిలబెట్టి, పిల్లల్ని బడికి పంపాల్సిన అధికారులూ ఊరి పెద్దలూ అందరూ హాయిగా ఇళ్ళలో కూర్చున్నారు. ఆమె సేవను పొగిడేవాళ్ళలో వాళ్ళే ముందుంటారు.

మణి ఇప్పుడు జగ్గయ్యపేట పక్కన కోల్డ్ స్టోరేజీలో కాయలు ఏరుతోంది. పందొమ్మిది ఏడులు ఎంతే అంటే నూట ముప్పై మూడు అని ఠక్కున చెబుతుంది. సంతకం అడిగితే బొటనవేలు చాపుతుంది.

మొన్న ఇదే ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో చూశాను. మిరప రాశి చుట్టూ పిల్లలు, మధ్యలో పాఠం చెబుతున్న ట్యాబు. పనిలోనే చదువట... కింద వందల కొద్దీ లవ్ గుర్తులు. ఫొటో పెద్దది చేసి, పిల్లల చేతులు ఎక్కడున్నాయో చూశాను.

చిన్నప్పటి రోజులు తిరిగి రావని ఇక్కడ రోజూ ఎవరో ఒకరు బాధపడుతుంటారు. నావి అసలు పోతేగా అండీ, తిరిగి రావడానికి...

మీ పక్కన కూర్చుని మీకంటే బాగా చదివి, అక్కడే ఆగిపోయినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు. కింద వాళ్ళ పేర్లు రాయండి. వాళ్ళలో కొందరు రాసుకోలేరు కదా...