అన్న దాచిన అమ్మ పాట

మొన్న పొద్దున ముత్తుకూరులో నా కంప్యూటర్ రిపేరు అంగడి తలుపు సగం కూడా ఎత్తలేదు, మా పెదనాన్న కొడుకు ఆటో దిగి, తన పాత కంప్యూటర్ డబ్బాను చంటిబిడ్డలా చంకనెత్తుకుని నా ముందు నిలబడ్డాడు. ఎవరిచేతో విండోస్ కొత్తగా వేయించాడట, అప్పటి నుంచి తన ఫోల్డరే తనను రానివ్వకుండా, నీకు పర్మిషన్ లేదు పొమ్మంటున్నదట. ఆ మాటకు నా కడుపు చల్లబడినంతగా ఎండాకాలం నన్నారి షర్బత్ తాగినా చల్లబడదు. ఒకప్పుడు ఆ డబ్బా నాకూ అదే మాట చెప్పింది, చెప్పించినవాడు ఈయనే.

సీడీల కాలం మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎనిమిదో తరగతిలో నేనూ లెక్కల పుస్తకమూ ఒకరికొకరం ఇష్టపడే విడిపోయాక, గూడూరులో ఈ అన్నే పెట్టిన పెళ్ళి వీడియోల స్టూడియోలో మిక్సింగ్‌కు కుదిరాను. మిక్సింగ్ అంటే మీకు తెలియనిదేముంది, పెళ్ళిలో వినిపించిన అసలు మాటలూ నవ్వులూ తీసేసి, సినిమా పాట పరిచి, వధూవరుల మీద గులాబీ రేకులు రాల్చడం. ఒక పెళ్ళిలో అన్న కెమెరా నా చేతికిచ్చి, పెళ్ళికొడుకు కంటే ముందే భోజనాల బంతిలో కూర్చున్నాడు. ఆయన కోడికాలు కొరకడం తీసి, స్లో మోషన్లో పెట్టి, ఆ రేకులే ఆయన మీదా రాల్చాను. పెళ్ళివారింట్లో బంధువులందరి ముందూ ఆ సీడీ ఆడింది. అన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడు వేసవిలోనే దొరవారిసత్రంలో మా అక్క పెళ్ళి జరిగింది, వీడియో తీసింది అన్నే. చర్చి నుంచి వచ్చాక పందిట్లో అమ్మ ఒక పాట పాడింది. వానలు మొదలవగానే జ్వరం తగిలి అమ్మ చనిపోయింది. పెళ్ళి సీడీలో అమ్మ పెదవులు కదులుతాయి గానీ, వినిపించేది ఎవరో సినిమా గాయని గొంతు. అమ్మ గొంతున్నది మిక్సింగ్‌కు ముందరి అసలు వీడియోలో, అదున్నది అన్న కంప్యూటర్లో. అడిగితే, “ఇంకా యాడుందిరా? చెరిపేసినా. డిస్కులో చోటు వద్దా?” అని భుజం మీద రేకులు దులుపుకున్నట్టు దులుపుకున్నాడు.

చదువు లేకపోయినా బియ్యం డ్రమ్మును కదిలించి లోపల ఉన్నాయో లేవో చెప్పగలను. డిస్కేమో నిండిపోయానంటుంది, చూడబోతే ఫోల్డర్లన్నీ ఖాళీ. దాచినవి చూపించమనే గడి సెట్టింగుల్లో ఎక్కడో ఉంటే వెతికి టిక్కు పెట్టాను, అక్క పేరుతో ఒక ఫోల్డరు పొగచూరినట్టు మసకగా పైకి తేలింది. నొక్కితే తెరుచుకోలేదు, అన్న తనకు తప్ప ఎవరికీ పర్మిషన్ లేకుండా పెట్టుకున్నాడు. ఎప్పుడొచ్చాడో నా వెనకే నిలబడి, “ఏందబ్బయా, దాని మీద కూడా పూలు రాల్చు, తెరుచుకుంటుందేమో” అన్నాడు. ఆ పూటే పని మానేశాను.

మొన్నటి సంగతికొస్తే, విండోస్ కొత్తగా వేశాక పాత పేరే పెట్టుకున్నా ఆ డబ్బాకు మనం కొత్త మనిషిమేనని పాపం ఆయనకు తెలియదు. తన కూతురి చిన్ననాటి వీడియోలన్నీ ఆ ఫోల్డరులోనే దాచుకున్నాడట. దాన్ని నా పేరుకు మార్చుకుని తెరవడం టీ తాగినంతసేపటి పని. నేను మాత్రం ఆయన్ను బల్ల మీద పొద్దువాలేదాకా కూర్చోబెట్టి, మధ్యమధ్య, “చెరిగిపోయినట్టుందన్నా. డిస్కులో చోటు వద్దా?” అని నిట్టూర్చాను. ప్రతి నిట్టూర్పుకూ ఆయన ముఖం వాడుతుంటే నాకు ఆకలి కూడా వేయలేదు.

చివరికి తెరిచాను. అమ్మ పాడుతోంది, తన గొంతుతోనే. రెండో చరణం మధ్యలో ఆపి కెమెరా వైపు తిరిగింది. “ఒరే పెద్దోడా, అది పక్కన పెట్టి అన్నం తినిపో నాయనా, పొద్దుట్నించీ ఏమీ తిన్లా నువ్వు.” అన్న కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. “చిన్నమ్మ పాట నాకూ ఒకటి ఎక్కించి పెట్టరా” అన్నాడు.

“నీకు పర్మిషన్ లేదన్నా” అన్నాను.

కూతురి వీడియోలు ఇచ్చి, పాటను ఆ డబ్బాలోంచి తీసేసుకుని పంపించాను. ఇప్పుడు పెళ్ళికి వచ్చిన ప్రతి చేతిలోనూ కెమెరానే, ఎవరి గొంతునూ ఎవరూ దాచిపెట్టలేరు, అందుకేనేమో నాలా డిస్కంతా గాలించేవాడూ లేడు. నిన్న అన్న ఫోన్ చేసి, పాట ఊసెత్తకుండా, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాడు. ఇస్తాను. కాకపోతే నేను చూసినట్టే ఆయన కూడా కొన్ని వానాకాలాలు ఎదురుచూడాలి. ఇద్దరికీ ఇంకా ఎన్ని మిగిలాయో మాత్రం నేను ఆలోచించదలుచుకోలేదు.