ముందే చెప్పేసే పెద్దింట్లమ్మత్త

పెద్దింట్లమ్మత్త ఏ కథనూ దాని దారిన దాన్ని పోనిచ్చేది కాదు. ఎవరైనా మొదలుపెడితే చాలు, ఆఖర్న ఏమవుతుందో అరిచి చెప్పేసేది. అది తోలుబొమ్మలాట కానీండి, పక్కింటి తగాదా కానీండి, ఆమె ఉన్నచోట ముగింపు ముందు వచ్చేది, కథ తీరిగ్గా వెనకాల వచ్చేది. మొగల్తూరు దగ్గర పల్లెపాలెంలో ఉండేది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది. వరసకు ఏమీ కాకపోయినా అందరికీ అత్తే. అక్కడి మిషన్ బడిలో మేష్టర్నైన నాక్కూడా.

ఒకసారి బొమ్మలాటలో రాక్షసుడు రాజకుమార్తెను ఎత్తుకుపోతున్నాడు. ఆడవాళ్ళందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇంతలో వెనకనుంచి గొంతు లేచింది. "ఏడవకండర్రా! మొగుడొత్తాడు, ఆ రాక్షసుణ్ణి సంపేత్తాడు, పిల్లని ఇంటికి తీసుకుపోతాడు!" జనం "అమ్మయ్య" అనుకుని చాపలు చుట్టుకున్నారు. ఆటగాడు తెర పక్కనుంచి తల బయటపెట్టి, "అమ్మా, తెల్లారేదాకా ఆడాలండి మేం!" అని మొత్తుకున్నాడు. "ఆడండి బాబూ, నేనేవన్నా వద్దన్నానా?" అంది ఆమె.

నా బడినీ వదల్లేదు. పెద్ద చేప ఒక మనిషిని మింగేసిందని నేను గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి పిల్లలకు చెబుతుంటే, గంపతో గుమ్మంలో నిలబడి, "కక్కేత్తాదిలెండి. ఏ చేపకీ మనిషి అరగడండి మేష్టారూ" అంది. పిల్లలు ఆమె మాటే నమ్మారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

జంగం కథ దగ్గర ఇంకా పెద్ద గొడవైంది. ఆ కథలో వీరుడు ఆఖర్న చచ్చిపోతాడు. ఈమె మొదట్లోనే "బతికేత్తాడు, నాదీ పూచీ" అని జనానికి మాటిచ్చేసింది. కథ చెప్పేవాడు తన కథ ప్రకారం వీరుణ్ణి చంపేశాడు. "నీ సొమ్మేం పోయిందయ్యా, వాణ్ణి బతకనిత్తే?" అని అతణ్ణి కడిగేసింది. మర్నాడు అతనికి ఒక్క చేప కూడా అమ్మలేదు. పాపం, పప్పుతో తిని వెళ్ళాడు.

గోదావరి మీద రైలు వంతెన వేసిన కొత్తలో రాజమండ్రి నుంచి ఒక మేజిక్ లాంతరు అతను వచ్చాడు. పేరు వీరవెంకటసత్యనారాయణ. పేరు పూర్తిగా పిలిచేలోగా మనిషి వీధి చివరకు వెళ్ళిపోయేవాడు కనక అందరూ లాంతరబ్బాయి అనేవారు. నిడదవోలులో రైలు దిగి, కాలవ పడవ మీద గాజుపలకల పెట్టెను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. పలకల మీద బొమ్మలుంటాయి. వెనక దీపం పెడితే అవి తెల్లదుప్పటి మీద మనిషంత ఎత్తున పడతాయి. ఆట పేరు "రాబోవు కాలము."

అతనిలో ఒక పనితనం ఉంది. ఉత్తినే ఊహించి గీయలేదు. ముందటి ఎండాకాలం వచ్చి మా రేవుకే ఫోటో తీసుకుపోయి, దాని మీదే రంగులు వేశాడు. కాలవలో నీళ్ళున్న చోట ఇసక వేశాడు. అసలే మా కాలవ సముద్రంలో కలిసే మొగ ఇసక మేటవేసి పూడుకుపోతోంది. అది అందరికీ తెలుసు, ఎవరికీ పట్టదు.

సంత దిబ్బ మీద దుప్పటి కట్టి మొదటి పలక వేశాడు. ఎండిపోయిన కాలవ. "ఓరి నాయనోయ్, అది మన రేవే!" అని కేక. రెండో పలకలో ఇనుప యంత్రం ఒకటి గుక్కెడు గుక్కెడు నీళ్ళు కొలిచి పోస్తుంటే జనం బారు తీరి నిలబడ్డారు. ముక్కులకు తోలుతిత్తులు. గాలి కూడా కొనుక్కోవాలట! ముసలి వీరాస్వామి లేచి వెళ్ళి దుప్పటిని తడిమి, "ఇసకేనండి, కాకపోతే చేతికంటట్లేదు" అన్నాడు. "బార్లో ఆఖరోడు మా బావమరిదిరా! ఎక్కడికెళ్ళినా ఆఖర్నే ఉంటాడు" అని ఇంకొకడు. మా సంఘపెద్ద లాజరుగారు మోకాళ్ళ మీద పడి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పలక మారినప్పుడల్లా ఒక కన్ను తెరిచేవారు. ఒకావిడ బిందెలన్నీ నింపుకోవడానికి ఇంటికి పరిగెత్తింది.

అందరూ పెద్దింట్లమ్మత్త వైపు తిరిగారు. "అత్తా, ఆఖరికేవవుద్దే?"

ఆమె మొహం పాలిపోయింది. ఈ కథ ఆమె ఎన్నడూ విన్నది కాదు. ఒక్క క్షణం నోరు మూసుకుంది. అది చూసి నాకు ఆ ఇసకను చూసినదానికన్నా ఎక్కువ భయం వేసింది. తర్వాత లేచింది. "వానొత్తాది! కాలవ నిండుద్ది!"

తర్వాతి పలక వేశాడు. ఇసకే.

"దారిలో ఉందర్రా."

మళ్ళీ ఇసకే.

"దూరం నించి రావాలి కదేంటి!"

ఆఖరి పలకలో ఇసకలో బోర్లాపడి, పక్కటెముకలు తేలిన ఒక పడవ. "సమాప్తం" అన్నాడు లాంతరబ్బాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ పడవ భీమరాజుది. ఫోటో తీసిననాడు రేవులో ఉన్నది అదే. భీమరాజు పాతికేళ్ళవాడు. పెళ్ళాం రత్తమ్మకు నెలలు నిండాయి. మర్నాడు పొద్దున్నే అతను పడవ అమ్మకానికి పెట్టి, రంగూను బియ్యం మిల్లులకు మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ దగ్గరకు వెళ్ళడానికి మూట కట్టుకున్నాడు. "నా పడవ సచ్చిపోవడం నా కళ్ళతో సూశాను. ఇంకేం సూడాలి?" అన్నాడు. రత్తమ్మ గుమ్మం పట్టుకుని, "పురుడొచ్చేవేళకి నువ్వుండవా?" అని ఒకటే ఏడుపు. రంగూను వెళ్ళి తిరిగిరానివాళ్ళు మా పాలెంలో ఇంటికొకరు చొప్పున ఉన్నారు.

పెద్దింట్లమ్మత్త నన్ను వెంటబెట్టుకుని లాంతరబ్బాయి దిగిన సత్రానికి వెళ్ళింది.

"నీ ఆఖరి పలకేది బాబూ?"

"నిన్న చూశారు కదండీ, అదే."

"అది కాదు, దాని తర్వాతది. నిడదవోలు టేసన్లో మర్చిపోయుంటావు."

"అసలు లేదండీ! ఇది హెచ్చరిక. మంచి ముగింపు పెడితే ఎవరు భయపడతారండీ?"

"భయపడ్డాడు కదా భీమరాజు. ఏం చేశాడు? పారిపోతన్నాడు. నీక్కావాల్సింది మడిసి పారిపోడమా, పార పట్టుకోడమా?"

లాంతరబ్బాయి నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అతను నిట్టూర్చి ఖాళీ పలకా, రంగులూ తీశాడు. ఆమె పక్కన కూర్చుని పురమాయించింది. జనం పారలతో మొగ తవ్వాలి. నీళ్ళు రావాలి. భీమరాజు పడవ నిటారుగా నిలబడాలి. చేపలుండాలి.

"ఇది చేపా, చిలకా?"

"చేపేనండీ."

"మరి ముక్కేంటి బాబూ?"

సాయంత్రం మళ్ళీ ఆట. ఆమె భీమరాజును చెయ్యి పట్టి లాక్కొచ్చి ముందు కూర్చోబెట్టింది. మొదటి పలక పడకముందే, "ఆఖర్న మనోళ్ళే తవ్వుతారు, నీళ్ళొత్తాయి!" అని చాటేసింది. ఎవరూ నమ్మలేదు. నిన్న ఇలాగే కదా చెప్పింది!

కొత్త పలక పడింది. రంగు ఇంకా తడారలేదు. దీపం వేడికి నీలం కరగడం మొదలుపెట్టింది. "అయిపోయింది, చెడిపోయింది" అని లాంతరబ్బాయి తల పట్టుకున్నాడు. కానీ లాంతర్లో పలకను తలకిందులుగా పెడతారు. దుప్పటి మీద బొమ్మ నిటారుగా పడాలంటే అంతే. అందుకని పలక మీద కిందికి కారే నీలం దుప్పటి మీద పైకి ఎగబాకింది. కాలవ అడుగునుంచి నీళ్ళు లేచాయి. ఇసక మునిగింది. చిలకముక్కు చేపలు మునిగాయి, పీడా పోయింది. నీళ్ళు పడవ పొట్టదాకా వచ్చాయి.

"ఏరొచ్చేసిందిరోయ్!" దిబ్బ దద్దరిల్లింది. లాజరుగారు రెండు కళ్ళూ తెరిచారు. భీమరాజు ఎగిరి లేచాడు. "తాడు! పడవకి తాడు కట్టలేదు, కొట్టుకుపోద్ది!" అంటూ రేవుకు పరుగు తీశాడు. నిజం పడవ ఎండ్రకాయలా బురదలో కదలకుండా కూర్చుని ఉంది. అయినా దానికి రెండు ముళ్ళు వేసి, నిమురుకుంటూ అక్కడే కూర్చున్నాడు. కొంటానన్నవాడు బేరానికి వస్తే, "అమ్ముతానని నేనెప్పుడన్నాను?" అని వాడి మీదే ఎగిరాడు.

మర్నాడు పాలెంలో కొత్త తగువు. బొమ్మలో ముందు పార పట్టుకున్నది తానేనని వీరాస్వామి అన్నాడు. కాదు, భుజాలు తనవని ఇంకొకడు. తేల్చుకోవడానికి అందరూ పారలతో మొగ దగ్గరకు చేరారు. చేరాక ఊరికే నిలబడడం బాగుండదని తవ్వడం మొదలుపెట్టారు.

పెద్దింట్లమ్మత్త గట్టు మీద గంజికుండ పెట్టుకుని కూర్చుంది. పక్కన రత్తమ్మ, నిండు పొట్టతో, నవ్వుమొహంతో. నేను అడిగేశాను. "అత్తా, మనవాళ్ళు నిజంగానే తవ్వుతారని నీకు ముందే ఎలా తెలిసిందే?"

"నాకేం తెలుసండి మేష్టారూ! ఏదీ తెలీదు." గంజి కలుపుతూ చెప్పింది. "నాకు పెళ్ళైన కొత్తలో మా ఆయన సముద్రం మీదుండగా గాలివానొచ్చిందండి. ఒడ్డున కూచున్నాను. ఊరంతా నా సుట్టూ కూచుంది. ఆకాశం వంక సూత్తారు, నా వంక సూత్తారు. ఒక్కళ్ళన్నా 'వత్తాడ్లేవే' అనలేదండి. తెలీకుండా ఎలా చెప్తామని! అంత నిజాయితీ మడుసులు."

"మరి వచ్చాడా?"

"రాక! వచ్చి, కూచుని తిని, పులుసులో చింతపండెక్కువైందన్నాడు. అప్పుడనుకున్నానండి, తెలిసినా తెలీకపోయినా ముందే చెప్పేద్దారని. తప్పైతే తిడతారు, అంతే కదా. ఆ కాసేపన్నా గుండె కుదుటపడుద్ది."

ఆమెను విసుక్కున్న రోజులన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

కింద బురదలోంచి భీమరాజు కేకేశాడు. "అత్తా, ఈ పూడిక ఎప్పటికవుద్దే?"

"అయిపోయిందిరా! ఇంకెంత!"

వంగి చూశాను. మైలు పొడుగు మేటలో వాళ్ళు తీసింది నాలుగు తట్టల మట్టి. భీమరాజు నా మొహం వైపు చూశాడు. నేను అబద్ధం చెప్పనని పాలెమంతా ఎరుగును.

"అవునోయ్, అయిపోయినట్టే!" అని అరిచి, పంచె ఎగ్గట్టుకుని నాకో పార ఇమ్మన్నాను.